మురికి మాస్టారూ, మాంగనీసూ

ఈ లోకంలో ఏ మంచి సంగతి జరిగినా, మరో విధంగా రుజువయ్యేంతవరకూ అది మురికి వల్లనే జరిగిందని మురికి మాస్టారి నిశ్చితాభిప్రాయం. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నది. జీతం తీసుకునే రోజున తప్ప ఆ పేరుతో ఆయనకు గాని, ఇతరులకు గాని పని పడేది కాదు. ప్రయోగశాలలో ఎవరు ఏ ఫలితం తెచ్చి చూపినా ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని, వాసన చూస్తున్నట్టు కొంతసేపు చూసి, "మురికి అయి ఉంటుందమ్మా" అని తిరిగి చేతిలో పెట్టేవారు. ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. వాన పడేట్టుందని చెప్పినంత మామూలుగా చెప్పేవారు. వినేవారికి ఒళ్ళు మండటానికి అదే ముఖ్య కారణం.

ఒళ్ళు మండినవారిలో అగ్రస్థానం కొత్తమ్మాయిది. ఆమె అక్కడ చేరి ఏళ్ళు గడిచాయి. ఆమె వెనక చేరినవారు ఉద్యోగాలు ఖాయం చేయించుకుని, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని బడిలో దింపి మరీ పనికి వస్తున్నారు. ఆమె మాత్రం ఏటేటా పొడిగింపు మీద బతుకుతూ, తల నెరవడం మొదలైనా కొత్తమ్మాయిగానే మిగిలిపోయింది. ఈ ఏటి పొడిగింపే ఆఖరుదని డైరెక్టరుగారు ఆమెను గదికి పిలిపించి చెప్పి ఉన్నారు.

"ఏదైనా చూపించండి, ఖాయం చేస్తాను. చూపించలేకపోతే మీ దారి మీరు చూసుకోవాలి. నేను కఠినంగా మాట్లాడుతున్నానని అనుకోకండి" అన్నారు.

"అనుకోను సార్" అన్నదామె. అనుకున్నది.

ఆమె చూపించవలసిన వస్తువు కంటికి కనిపించేది కాదు. గది మధ్య, గుండ్రని గాజు కిటికీలు బిగించిన పెద్ద స్టీలు పాత్ర ఒకటి ఉండేది. దానిలోని గాలినంతా పంపులు ఎడతెగకుండా తోడేసేవి. ఆ శూన్యంలో వేలిగోరంత జెర్మేనియం స్ఫటికపు పలక. జెర్మేనియం అర్ధవాహకం, అనగా విద్యుత్తును సగం మనసుతో సాగనిచ్చే పదార్థం. ఆ పలకను నిప్పులా శుభ్రపరచి, దానిమీద మాంగనీసు లోహాన్ని ఆవిరి చేసి అణువులుగా కురిపించాలి. ఒక్కొక్క అణువూ ఒక బుల్లి అయస్కాంతం. అవన్నీ కలిసి ఒకే దిక్కుకు తిరిగి, మనం కూర్చునే గది వేడిలో కూడా అలాగే నిలబడగలిగితే, యంత్రాలలో లెక్కలు చేసే పలకే జ్ఞాపకం కూడా పెట్టుకుంటుంది. ఇది డైరెక్టరుగారి కల. అణువులకు ఈ కలతో ప్రమేయం లేదు.

అణువుల ప్రవర్తన గురించి మాస్టారు చెప్పే పాఠం ఒకటుండేది. "బదిలీ మీద వచ్చిన గుమాస్తాలనుకోండి వీళ్ళని. కొందరు రాగానే ఖాళీ కుర్చీ చూసుకుని కూలబడతారు. ఎవడి మొహం వాడిది. కొందరు నలుగురు చేరి ఓ మూల గుంపు కడతారు. వాళ్ళు కాస్త ఒక మాట మీద ఉంటారు, అదీ చల్లగా ఉన్నంతసేపే. వేడెక్కితే మళ్ళీ ఎవడి గోల వాడిదే. ఇంకొందరున్నారు, పలక లోపలికి దిగిపోయి జెర్మేనియంతో చెయ్యి కలిపేస్తారు. ఇక వాళ్ళకి ఉత్తరం లేదు, దక్షిణం లేదు. తాము అయస్కాంతాలమన్న సంగతే మర్చిపోతారు."

"మరి మీరు ఏ రకం మాస్టారూ?" అని పంపుల మేస్త్రి ఒకసారి అడిగాడు. పంపులు బాగుచేసే ఈ మేస్త్రికి మాస్టారిని కదిలించి మాట్లాడించడం ఒక వ్యసనం.

"నేనా? నేను పలకమీద దుమ్మునయ్యా. అణువులకంటే ముందునుంచీ ఉన్నాను."

మేస్త్రికీ ఆయనకూ కాఫీ దగ్గర రోజూ ఒక తగువు నడిచేది.

"ఇవాళ కాఫీ బాగుంది మాస్టారూ."

"కప్పు కడిగావా?"

"లేదండీ."

"అయితే నీకు బాగున్నది నిన్నటి కాఫీ."

వైద్యుని వద్దకు వెళ్ళినా ఆయన పద్ధతి ఇదే. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నదని వైద్యుడు చెబితే, "మీ సూదికి ఏదో అంటుకుని ఉంటుంది, మళ్ళీ చూడండి" అన్నారట. మళ్ళీ చూస్తే ఇంకా ఎక్కువ వచ్చింది. "చూశారా, ఈ సూది ఇంకా మురికిది" అని సంతృప్తిగా ఇంటికి వచ్చేశారు.

అన్నిటినీ మించినది బహుమతి వ్యవహారం. ఎక్కడో దూరదేశపు శాస్త్రసంఘంవారు ఆయన పనిని మెచ్చి సత్కారం ప్రకటించారు. మాస్టారు వారికి, "మెచ్చినందుకు సంతోషం. అయితే ఇదే పేరుతో ఇదే పనిలో మరొకరు లేరని నిర్ధారించుకున్నారా?" అని జవాబు రాశారు. వారు నిర్ధారించుకోబోయారు. మరొకరు ఉన్నారు. సత్కారం ఆ మరొకరికి జరిగింది. ఆయన ఫోటో పత్రికలో పడితే మాస్టారు కత్తిరించి గోడకు అంటించుకున్నారు. ఈ కథ చెప్పుకుని సంస్థ మొత్తం నవ్వింది. కొత్తమ్మాయి కూడా నవ్వింది గాని, ఇటువంటి మనిషి కింద పనిచేస్తే తన గతి ఏమవుతుందోనన్న దిగులు ఆ నవ్వుకు అడుగున ఉన్నది.

అటువంటి రోజులలో ఆమెకు ఫలితం వచ్చింది.

అయస్కాంతత్వం కొలిచే యంత్రం పక్క గదిలో ఉండేది. పలకలో అయస్కాంతత్వం లేకపోతే ఆ యంత్రం గీసే గీత వెళ్ళిన దారినే తిరిగి వస్తుంది. ఉంటే, రాకకూ పోకకూ నడుమ గీత సన్నని ఆకులా విచ్చుకుంటుంది. ఆనాడు, గది వేడిలోనే, ఆకు విచ్చుకున్నది. ఆమె చేతులు కడుక్కుని, నీళ్ళు తాగి, మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే ఆకు. ఆమె ఆ కాగితం పట్టుకుని మాస్టారి గదికి నడిచి వెళ్ళలేదు, దాదాపు పరుగెత్తింది.

మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు.

"వద్దు మాస్టారూ. ఆ మాట మాత్రం అనకండి."

"అనను. నువ్వే అనుకుంటావేమో అని చూస్తున్నాను."

"పలకని నేనే శుభ్రం చేశాను. కిటికీలోంచి మీరు కూడా చూశారు."

"శుభ్రం చేసింది పాత్ర లోపల. కొలిచింది పక్క గదిలో. మధ్యలో ఏం జరిగింది?"

"మధ్యలో ఓ గుమ్మం ఉంది."

"ఉత్త పలకను కొలిచావా? మాంగనీసు వేయకుండా?"

"వేయని దాంట్లో ఏముంటుంది మాస్టారూ?"

"ఏమీ లేదని చూడటానికే. మురికి అయి ఉంటుందమ్మా."

ఆమె కాగితం లాక్కున్నంత పని చేసింది. "మీకు నా ఫలితం నచ్చలేదా, నేను నచ్చలేదా? ఏదో ఒకటి చెప్పండి."

"నువ్వు నచ్చావు. ఫలితమూ నచ్చింది. నాకు నచ్చిందంటేనే అనుమానం" అన్నారాయన, చాలా నిజాయితీగా.

డైరెక్టరుగారికి అనుమానాలు లేవు. ఆయన ఆ ఆకును పెద్దది చేయించి, రంగు వేయించి, ముఖద్వారంలో అద్దం కట్టించారు. పాలకమండలివారికి స్వయంగా చూపించారు. కొత్తమ్మాయిని పిలిచి మొదటిసారి కుర్చీ చూపించారు. "మీ ఖాయం సంగతి వచ్చే సమావేశంలో పెడుతున్నాను. మాస్టారి మాటలు పట్టించుకోకండి. ఆయనకి పొద్దు పొడవడం కూడా మురికే" అన్నారు. ఆమె కూర్చుని, ఆ పరిహాసానికి అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువగానే నవ్వింది.

ఇక మాస్టారు దారిలో కనపడినప్పుడల్లా "ఉత్త పలక?" అనడం, ఆమె తల తిప్పుకుని పోవడం రివాజైపోయింది. మెట్ల మీద "ఉత్త పలక?" కాఫీ దగ్గర "ఉత్త పలక?" ఒకనాడు వాన పడుతుంటే తన గొడుగులోకి పిలిచి, గేటు దాకా క్షేమంగా తీసుకువెళ్ళి, అక్కడ అడిగారు. ఈసారి ఆమె నోరు ఊరుకోలేదు.

"మాస్టారూ, మీరు జన్మలో ఒక్కటి కనుక్కోలేదు. కనుక్కున్నవాళ్ళని చూస్తే ఓర్వలేరు. అందరూ అంటున్నదే నేనూ అంటున్నాను."

"అయి ఉండొచ్చమ్మా. అది కూడా చూడాలి" అన్నారు మాస్టారు. అని, ఆమెను బస్సెక్కించి, తాను మాత్రం గొడుగు సగం మూసుకుని తడుస్తూ వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆమె ఉత్త పలకను కొలిచింది. సత్యాన్వేషణ కోసం కాదు. మాస్టారి నోరు మూయించడం కోసం.

ఉత్త పలకకూ ఆకు విచ్చుకున్నది. అదే ఆకు, అదే వెడల్పు. మాంగనీసు అణువు ఒక్కటి కూడా లేని చోట.

ఆమె యంత్రం ముందు కూర్చుండిపోయింది. గదిలో ఎవరూ లేరు. కాలి పక్కన చెత్తబుట్ట ఉన్నది. పాలకమండలి సమావేశం దగ్గరలోనే ఉన్నది. కాగితం నలిపితే చాలు, ఇన్నేళ్ళ తరువాత ఆమె కొత్తమ్మాయి కాకుండా పోతుంది. ఆమె నలపలేదు. ఆమెను ఆపినది ధర్మచింత కాదు, వేరొక భయం. మాస్టారు రేపు అడుగుతారు. ఎల్లుండి అడుగుతారు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఇంటినుంచి ఫోను చేసి అడుగుతారు. ఆ ప్రశ్నకు జన్మంతా అబద్ధం చెప్పుకుంటూ తిరగడం కంటే ఉద్యోగం పోవడమే తేలికగా కనిపించింది.

మాస్టారు కాగితం చూసి, "నేను చెప్పలేదా" అనలేదు. "ఊఁ. ఎక్కణ్ణుంచి వచ్చిందంటావు?" అన్నారు.

ఇద్దరూ కలిసి వెతికారు. చేతి తొడుగులు చూశారు, పలకను చుట్టిన కాగితం చూశారు, దాన్ని నిలబెట్టే గడ చూశారు. చివరకు సూక్ష్మదర్శిని కింద పలక అంచున ఒక సన్నని గీరు, ఆ గీరు వెంట మెరిసే రవ్వలు కనబడ్డాయి. స్టీలు. అందులో ఇనుము. మాంగనీసు అణువుల పొర మొత్తం కలిసి చేసే గొడవను ఇనుప రవ్వ ఒక్కటే చేయగలదు.

పలకలను పట్టుకోవడానికి ప్లాస్టిక్ పట్టకారు వాడాలని అక్కడ నియమం. ఆ పట్టకారు మొన విరిగిపోయింది. కొత్తది కావాలని అడిగితే డైరెక్టరుగారు, "స్టీలు పట్టకార్లు సొరుగు నిండా ఉండగా ప్లాస్టిక్ దేనికి?" అని తిప్పి పంపారు. ఆమె సొరుగు తెరిచి స్టీలుది తీసుకున్నది.

"నేనే వాడాను మాస్టారూ" అన్నదామె.

"ఇనుము. మంచిది, దొరికింది."

"నేనే వాడానంటున్నాను. నియమం తెలిసీ వాడాను."

"రవ్వ ఎంత చిన్నదో చూశావా? ఎంత పని చేసిందో" అన్నారాయన సూక్ష్మదర్శినిలోనుంచి తల ఎత్తకుండా.

విషయం తెలిసిన డైరెక్టరుగారు ముఖద్వారంలోని అద్దాన్ని దింపించారు. పాలకమండలి ముందు పోయిన పరువును ఎవరి నెత్తిన పెట్టాలన్నది తక్షణ సమస్య గనుక విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షులుగా మరొక సంస్థనుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. పొడుగాటి బల్లకు ఒక వైపు సంఘంవారు, మరో వైపు మాస్టారూ కొత్తమ్మాయీ కూర్చున్నారు. మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నాకు ఒకటే తెలియాలి. ఎవరు చేశారు?" అన్నారు డైరెక్టరుగారు.

కొత్తమ్మాయి లేచి నిలబడింది. "అయ్యా, ఆ పట్టకారు..."

"మురికి అండీ" అన్నారు మాస్టారు.

"మురికి సంగతి తెలిసింది. ఎవరు అని అడుగుతున్నాను."

"అక్కడికే వస్తున్నాను. మురికి అనేక విధాలు" అని మాస్టారు కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టారు. పంపు నూనెలో ఉండే మురికి. కుళాయి గొట్టాల తుప్పు. కిటికీ అవతలి సందులో గేట్లు అతికే కొట్టు, అక్కడ రేగే ఇనుప పొడి, గాలి ఏ నెలలో ఎటు వీస్తుంది. మనిషి ఊపిరి. మనిషి చెమట. చెమటలో ఉప్పు.

"అయ్యా, నేను చెప్పేది..." అన్నది కొత్తమ్మాయి.

"వరసలో వద్దామమ్మా. పట్టకారు వంతు ఇంకా రాలేదు. అధ్యక్షులవారు మన్నించాలి, తమరు ఈ గదిలోకి వచ్చేటప్పుడు బెల్టు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను" అన్నారు అధ్యక్షులు.

"దాని బకిలు ఇనుపదా?"

"ఇత్తడిది."

"ఇత్తడిదని నమ్మకమా, పరీక్షా?"

అధ్యక్షులవారు తల వంచి బెల్టు వైపు చూసుకున్నారు. ఆ తరువాత చాలాసేపు వారి దృష్టి అక్కడినుంచి పూర్తిగా తిరిగి రాలేదు.

"మాస్టారూ, ఎవరు?" అని డైరెక్టరుగారు బల్ల మీద కొట్టారు.

"తమరు ఇప్పుడు బల్ల మీద కొట్టారు చూశారూ, దానివల్ల లేచే దుమ్ము కూడా నా వరసలో ఉంది" అని మాస్టారు దుమ్ము గురించి ఎత్తుకున్నారు. ఇంటి దుమ్ము, వీధి దుమ్ము, బూట్ల దుమ్ము. గుమ్మం దగ్గర మేస్త్రి గోడ వైపు తిరిగి దగ్గుతున్నాడు. స్టీలు పట్టకారు వాడమన్నది ఎవరో అతనికి బాగా తెలుసు. మాస్టారికి ఇంకా బాగా తెలుసు. ఆ వరసలో ప్లాస్టిక్ పట్టకారు ప్రసక్తి కూడా రాకపోవడం చూసి, ఈయన డైరెక్టరును సైతం కాపాడుతున్నాడా అని కొత్తమ్మాయికి ఒళ్ళు మండింది. అలవాటు చొప్పున మండింది.

అప్పుడు ఆమెకు తట్టింది. ఇన్నేళ్ళలో ఈ మనిషి ఎంత మంది ఫలితాలను మురికి అని తిప్పి పంపలేదు? ఏం మురికి అని అడిగారు, ఎక్కణ్ణుంచి అని అడిగారు, ఎలా పోతుందని అడిగారు. ఎవరిదని మాత్రం ఏనాడూ అడగలేదు. విరిగిన పలకలు, కాలిన తీగెలు, వృథా అయిన నెలలు అన్నీ మురికి ఖాతాలోకే పోయాయి. ఆయన చేతి కింద తప్పు చేయనివారు లేరు. దోషి అనిపించుకున్నవారూ లేరు. ఆ మాటను ఆమె ప్రతిసారీ చెంపదెబ్బలా తీసుకున్నది.

కాఫీలు వచ్చేవేళ దాటింది, భోజనాలవేళ కూడా దాటింది. మాస్టారు అప్పటికి చీపుళ్ళ దాకా వచ్చారు. అధ్యక్షులవారు చేతులు జోడించి, ఇక చాలునని, సంఘానికి విషయం అవగతమైనదని ప్రకటించారు.

సదరు మాలిన్యానికి ఏ ఒక్క వ్యక్తినీ బాధ్యులుగా నిర్ణయించడానికి వీలుపడనందున ఎవరిమీదా చర్య అవసరం లేదని, అయినప్పటికీ ప్రయోగశాల పరిశుభ్రతకు పెద్దదిక్కయిన వారి సేవలను ఇకమీదట పొడిగించవలసిన ఆవశ్యకత కనబడదని సంఘం తేల్చింది. ఉద్యోగకాలం ముగిసిన తరువాత మాస్టారు కూడా పొడిగింపు మీదే ఉన్నారన్న సంగతి కొత్తమ్మాయికి ఆనాడు తెలిసింది. ఆమెకు మరొక్క ఏడాది ఇచ్చారు. ఖాయం ఊసు ఎత్తలేదు.

మాస్టారికి వీడ్కోలు సభ జరగలేదు. ఆ రోజున డైరెక్టరుగారికి ఊళ్ళో లేకుండా పోయే పని పడింది. పంపుల మేస్త్రి ఒక్కడూ గేటు దాకా వెళ్ళి, "ఎవరు మాస్టారూ ఇకమీదట నా కాఫీకి వంకలు పెట్టేది?" అన్నాడు. మాస్టారు, "కప్పు కడుక్కో, వంక ఉండదు" అని చెప్పి వెళ్ళిపోయారట. కొత్తమ్మాయి కిటికీ దగ్గరే నిలబడిపోయింది. మెట్లు దిగలేదు.

ఆ ఏడాది ఆమె మళ్ళీ మొదటినుంచీ చేసింది. పట్టకారు తనే కొనుక్కున్నది. గది వేడిలో గీత వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది. పలకను గడ్డకట్టించే చలిలోకి, దానికి కూడా దిగువకు తీసుకుపోతే, అక్కడ ఒక సన్నని, బక్కచిక్కిన ఆకు విచ్చుకున్నది. గుంపు కట్టిన మాంగనీసు అణువులు కొద్దిసేపు ఒక మాట మీద నిలబడ్డాయి. అంతే. డైరెక్టరుగారు చూసి, "ఇంత చలిలో ఎవరికి పనికొస్తుందండీ ఇది?" అన్నారు. బెల్టు అధ్యక్షులవారు మాత్రం ఎవరి ద్వారానో విని, ఒకసారి తమ సంస్థకు వచ్చి ఆ గీత చూపించమని ఫోను చేశారు. ఉద్యోగం ఇస్తామని వారు అనలేదు. వారి బకిలు అయస్కాంతానికి అంటుకున్నదన్న సంగతి మాత్రం కొంత బాధగా చెప్పారు.

అక్కడికి వెళ్ళేముందు ఆమె ఒక ఉదయం మాస్టారి ఇంటికి వెళ్ళింది. తలుపు తీసినది ఆయన భార్య. లోపల అడుగు పెట్టిన కొత్తమ్మాయి నిర్ఘాంతపోయింది. అంత దుమ్ము ఆమె ఏ ఇంట్లోనూ చూడలేదు. కుర్చీల నిండా పుస్తకాలు, పుస్తకాల మీద చొక్కాలు, చొక్కాల మీద కాఫీ కప్పులు. ఫ్యాను రెక్కలకు బూజు వేలాడుతున్నది.

"అలా చూడకమ్మా. నేను తుడిచిన రోజున ఒక్క కాగితం దొరకలేదని ఇల్లంతా మళ్ళీ చిందరవందర చేశారు. చీపురు దాచేశాను, నా వల్ల కాక" అన్నదావిడ. "పెళ్ళయిన కొత్తలో ఏమన్నారో తెలుసా? నువ్వంటే నాకు ఇష్టమేననుకుంటాను, ఇంకోసారి చూసుకుని చెబుతాను అన్నారు. ఇంకా చూసుకుంటున్నారు."

మాస్టారు లోపలినుంచి వచ్చి, పలకరింపులేవీ లేకుండా చెయ్యి చాపారు. ఆమె కాగితం ఇచ్చింది. కళ్ళజోడు నుదుటి మీదికి పోయింది, కాగితం ముక్కు దగ్గరికి పోయింది. ఆమె అడగకముందే ఉత్త పలక గీత కూడా అందించింది. అది బల్లపరుపుగా, ఏ ఆకూ లేకుండా, పోయిన దారినే తిరిగి వచ్చి ఉన్నది. మాస్టారు రెంటినీ పక్కపక్కన పెట్టి చూశారు. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో చూశారు. వెనక్కి తిప్పి కూడా చూశారు. కొత్తమ్మాయి ఆ మాట కోసం పళ్ళు బిగించుకుని నిలబడింది.

"ఎవరు చేశారమ్మా ఇది?" అన్నారాయన.

"నేనే మాస్టారూ."

"నువ్వేనా?"

"నేనే."

ఆయన వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, ఒకసారి ఇలా రా. ఈ అమ్మాయి ఏం చేసిందో చూద్దువుగాని" అని కేకేశారు.

"ఏం చేసింది?" అంటూ ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"చెబుతాను, కూర్చో. నువ్వు కూడా కూర్చోమ్మా."

కూర్చోవడానికి ఆ ఇంట్లో ఖాళీ కుర్చీ ఒక్కటి లేదు. ముగ్గురూ నిలబడే చూశారు.